భాస్వరమును కొలిచిన భీమవరపు వైద్యుడు

సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని ముఖము ఉబ్బి, కాళ్లు వాచి వచ్చిన రోగికి వైద్యుడు వ్రాయు మొదటి పరీక్షలలో రక్తములోని క్రియాటినిన్ ఒకటి. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి చాలకాలము బాధ తెలియనీయదు. క్రియాటినినును, మూత్రమందలి ఆల్బుమినును దానిని పట్టి యిచ్చును. లోపము మూడునెలలకు పైబడి నిలిచినచో వ్యాధి దీర్ఘకాలికమని నిర్ణయింతురు. ఆ క్రియాటినిన్ పుట్టుచోట్లలో ఒకటి కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్. దానిని కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.

వీరు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. తప్పిన పిల్లలను వెనుక బల్లకు నెట్టు ఉపాధ్యాయులు ఈ సంగతి గమనింతురు గాక! మదరాసు వైద్యకళాశాలలో శస్త్రచికిత్సకు సైతము ఖద్దరు ధరించిరి. దొర ఆచార్యునకు కోపము వచ్చెను. పూర్తి పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. సోదరులు గ్రహణి వ్యాధికి బలియైరి. 1923లో బోస్టను చేరి, పొట్టకూటికై ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగిరి.

హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో రక్తమూత్రములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. మాంసకృత్తులను తొలగించిన ద్రవమునకు ఆమ్లమును, అమోనియం మాలిబ్డేటును, ఒక క్షయకరణిని చేర్చినచో నీలవర్ణము కలుగును. రంగు ఎంత గాఢమో భాస్వరము అంత. ఇది చిన్న విషయము కాదు. మూత్రపిండములు బాగుగా క్షీణించినపుడు భాస్వరము వెలికిపోక రక్తమున నిలిచి, ఎముకలను పెళుసుబరచి, రక్తనాళములను గట్టిపరచును. రక్తపోటును, మధుమేహమును అదుపు చేయుటతోపాటు, అట్టి స్థితిలో భాస్వరము గల ఆహారమును తగ్గింతురు, ప్రేవులలో దానిని బంధించు మందుల నిత్తురు. కొలత లేనిదే ఈ చికిత్సకు దారి లేదు.

కండరసారమునందు ఆ నీలిరంగు ఆలస్యముగా వచ్చుటను వారు ఉపేక్షింపలేదు. కారణము వెదకగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరకెను, 1929లో ఏ.టి.పి. వెల్లడియయ్యెను. అయినను హార్వర్డు వీరికి స్థిరోద్యోగ మీయలేదు. 1940లో లెడర్లే సంస్థకు పోయి, ఫోలికామ్లము, బోదకాలు మందు మొదలగు పరిశోధనలను నడిపిరి. ఫోలికామ్లము గ్రహణి రోగులకు మేలు చేయునని తేలెను. సోదరుల కది అందలేదు.

1948 ఆగస్టులో న్యూయార్కున, 53వ యేట మరణించిరి. ఇచట విడిచి వెళ్లిన భార్య శేషగిరిగారిని వారు మరల చూడలేదు.