సవర పిల్లల కోసం సవర నేర్చుకున్న పంతులు

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి బీటెక్‌లో చేరినవాళ్లకి ఫస్టియర్ మొదటి నెల బాగా గుర్తుంటుంది. సబ్జెక్టు రాక కాదు, సారు చెప్పే భాష పట్టుకోలేక వెనకబడతాం. తెలిసిన ఆన్సరే అయినా నోరు పెగలదు. అదే ఇబ్బంది ఆరేళ్ల పిల్లాడికి ఒకటో తరగతిలో ఎదురైతే? పైగా బడిలో చెప్పే భాషలో ఒక్క మాట కూడా వాడింట్లో ఎవరికీ రాకపోతే?

నూట పాతికేళ్ల కిందట పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర పిల్లల పరిస్థితి ఇదే. దాన్ని పట్టించుకున్న మనిషి గిడుగు వెంకట రామమూర్తి. ఈ పేరు వినగానే మనకి వాడుక భాష, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం గుర్తొస్తాయి. పోటీ పరీక్షల్లో బిట్టు కూడా అక్కడి నుంచే వస్తుంది. కానీ ఆయన జీవితంలో సవరల భాగం లేకపోతే, వాడుక భాష కోసం అంత మొండిగా ఎందుకు పోరాడారో సగమే అర్థమవుతుంది.

గిడుగు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. తండ్రి వీర్రాజుది రెవెన్యూ ఉద్యోగం. కొడుక్కి పన్నెండేళ్లు వచ్చేసరికే ఆయన పోయారు. తర్వాత విజయనగరంలో మహారాజావారి బడిలో చదువు. గురజాడ అప్పారావు అక్కడ క్లాస్‌మేటు. 1879లో మెట్రిక్ పాసయ్యారు. ఇంటి పరిస్థితి పైచదువుకి ఒప్పుకోలేదు. మరుసటేడే పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చరిత్ర చెప్పే టీచరుగా చేరారు. జీతం ముప్ఫై రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశారు. అంటే మెట్రిక్‌కీ డిగ్రీకీ మధ్య పదిహేడేళ్లు. గ్యాప్ గురించి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలా అని బెంగపడేవాళ్లు ఈ లెక్క ఓసారి చూసుకోవచ్చు.

ఆ పదిహేడేళ్లూ ఆయన ఖాళీగా లేరు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవాలని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. కళింగుల పాత రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమే అని ఇంగ్లిష్‌లో వ్యాసం రాసి వాదించారు.

ఇక సవరల సంగతి. సవర భాషకీ తెలుగుకీ చుట్టరికం లేదు. అది ముండా భాషల కుటుంబానికి చెందింది. మాటల కూర్పు వేరు, ధ్వనులు వేరు. గొంతులో గాలిని టక్కున ఆపి పలికే ధ్వని ఒకటుంది. దానికి మన అక్షరమాలలో గుర్తే లేదు. రాసిన పుస్తకాలు లేవు, నేర్పే బడి లేదు. గిడుగు అప్పుడు చేసిన పని మాత్రం సింపుల్: సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన దగ్గర నేర్చుకున్నారు. టీచరే స్టూడెంటయ్యారన్నమాట. ఏళ్ల తరబడి కొండలెక్కి, ఊళ్లు తిరిగి మాటలు పోగేశారు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి భాగం. నేర్చుకున్నది వ్యాసాలు రాసుకోవడానికి దాచుకోలేదు. సవరలో వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, టీచర్ల జీతాలు తానే ఇచ్చారు. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట పలక మీద కనిపిస్తే పిల్లాడికి రెండు పనులు ఒకేసారి మీద పడవు. ముందు అక్షరం ఒక్కటే కొత్త. మాట పాతదే, అర్థం తెలిసిందే. చదవడం వచ్చాక ఇంకో భాష కలుపుకోవచ్చు. కొత్తది నేర్పాలంటే తెలిసిన చోట మొదలుపెట్టాలని ఈ రోజు బీఎడ్‌లో చదువుతాం. ఆయన జేబులోంచి ఖర్చుపెట్టి చేసి చూపించారు.

మద్రాసు ప్రభుత్వం ఈ పనికి మెచ్చి పారితోషికం ఇస్తానంటే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారు. 1913లో రావు బహద్దూర్ బిరుదు వచ్చింది. కానీ దీనికి ఆయన శరీరమూ ధర కట్టింది. మన్యం తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. విపరీతంగా క్వినైన్ వాడటంతో చెవుడు వచ్చిందని చెబుతారు. చెవితో విని రాసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోవడమంటే ఏమిటో ఊహించండి. అయినా పని ఆపలేదు. కొడుకు సీతాపతి తోడయ్యారు. 1931లో సవర వ్యాకరణం, 1933లో ఇంగ్లిష్-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. చివరిది వచ్చేనాటికి ఆయనకి 75 ఏళ్లు.

ఈ పని సాగుతుండగానే, 1906-07 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లిష్ దొర ఉత్తర కోస్తా బడులకి ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగూ పుస్తకంలో తెలుగూ ఇంత తేడాగా ఎందుకున్నాయని ఆయనకి అనుమానం వచ్చింది. ఆ ప్రశ్న గురజాడ, గిడుగుల దాకా చేరింది. సవర పిల్లాడికి తెలుగు వాచకం ఎంత దూరమో గిడుగుకి అప్పటికే తెలుసు. తెలుగు పిల్లాడికీ తెలుగు వాచకం దూరమే అని అప్పుడు తేటగా కనిపించింది. ఇంట్లో ఒక తెలుగు, బడిలో గ్రాంథికం. పిల్లలు విషయం వదిలేసి ఆ రూపాలు బట్టీ పట్టేవాళ్లు.

1911లో టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన పూర్తిగా ఈ గొడవలోకి దిగారు. 1912-13లో స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసం వాడుక భాషలోనూ రాయొచ్చని అనుమతి దొరికింది. జయంతి రామయ్య పంతులు లాంటి పండితులు గట్టిగా ఎదురుతిరిగారు. వాళ్ల వాదన ఉత్త మొండితనమని కొట్టేయలేం. జిల్లాకో తీరుగా ఉన్న మాటలో ఏది ప్రమాణం అన్నది ఈ రోజుకీ కష్టమైన ప్రశ్నే. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది, అనుమతి పోయింది. గురజాడ 1915లో, అండగా నిలిచిన కందుకూరి వీరేశలింగం 1919లో చనిపోయారు. గిడుగు 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి, పాత వచనం నుంచి ఉదాహరణలు తీసి వాదించారు. పండితులు తప్పన్న రూపాలు పాత రచనల్లోనే ఉన్నాయని చూపించారు. కోడ్‌లో బగ్ ఉందని అరవకుండా లైన్ నంబరుతో సహా చూపించడం లాంటిది ఇది.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. దాన్ని ఒప్పుకోలేక, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అదే ఏడాది మంగై గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకి సొంత లిపి తయారుచేశారు. సొరాంగ్ సొంపెంగ్ అంటారు దాన్ని. మీ ఫోన్‌లో వాడే యూనికోడ్‌లో ఇప్పుడు దానికీ చోటుంది.

గిడుగు 1940 జనవరి 22న పోయారు. పాఠ్యపుస్తకాలన్నీ వాడుక భాషలోకి మారడం ఆయన చూడలేదు. సవర బడుల ఆలోచన మళ్లీ ప్రభుత్వ పథకంగా రావడానికి 2000 తర్వాత దాకా ఆగాల్సి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఆ వెంటనే ఒడిశాలో మాతృభాషతో మొదలయ్యే బహుభాషా విద్య పేరుతో గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులు మొదలుపెట్టారు. రెండు చోట్లా ఆ జాబితాలో సవర ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమంటోంది. డీఎస్సీకి చదువుతున్నవాళ్లు దీన్ని మెథడాలజీ పాయింటుగా బట్టీ కొడుతుంటారు. రేపు పోస్టింగు సీతంపేట కొండల్లో వస్తే, అక్కడ క్లాసులో మొదటి రోజు సవర రాని మనిషి టీచరు ఒక్కరే అవుతారు.