సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్‌గారి జీవితము

వర్తక కుటుంబమున పుట్టిన బాలుని, పెద్దయిన పిమ్మట ఏమి చేసెదవని ఎవరును అడుగరు. తండ్రిగారి కొట్టే అతని కొట్టు; తాతగారి ఖాతాలే అతని పాఠ్యపుస్తకములు. పెక్కుమందికి ఈ ఏర్పాటు మేలే చేయును. కాని కొందరికి గద్దెపై కూర్చున్నంతసేపును మనసు వీథివైపు పోవుచుండును. ఇంట లోటు లేదు, వ్యాపారమున లాభము వచ్చుచున్నది, ఊరిలో గౌరవమున్నది. అయినను తాను చేయవలసిన పని ఇది కాదను వెలితి లోలోపల తొలుచుచుండును. అట్టి వెలితితోనే యౌవనమున అడుగిడి, దానికి లొంగక, దానిని దాచుకొనక, తనకు తగిన పనిని వెదకికొన్న జైన వర్తకుడు సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ దోషీగారు. బెంగుళూరు నగరమునకు విమాన కర్మాగారమును, ఆంధ్రదేశములోని విశాఖపట్టణమునకు ఓడల నిర్మాణశాలను తెచ్చిన వారు వీరే.

జననము, విద్య

వాల్‌చంద్‌గారు 1882వ సంవత్సరము నవంబరు 23వ తేదీన షోలాపురమున జన్మించిరి. వీరిది గుజరాతీ మాట్లాడు దిగంబర జైన కుటుంబము. పూర్వులు సౌరాష్ట్రములోని వాంకానేరు నుండి దక్కనునకు తరలివచ్చిరి. షోలాపురమున వారి వ్యాపారము ప్రత్తి, వడ్డీ. తండ్రిగారైన హీరాచంద్ నేమ్‌చంద్‌గారు ధనముచేతనే గాక జైన సంఘసేవచేతను, జైన్ బోధక్ పత్రికచేతను పేరు గడించిన పెద్దమనిషి. తల్లి రాజూబాయిగారు బిడ్డ పుట్టిన కొలదికాలమునకే పరలోకగతులైరి.

1899లో వాల్‌చంద్‌గారు షోలాపురపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మెట్రిక్యులేషను ముగించిరి. తరువాత బొంబాయిలోని సెయింట్ జేవియర్ కళాశాలలోను, పూనాలోని దక్కను కళాశాలలోను చదివిరి. బొంబాయి రాజధానిని ప్లేగు పీడించుచున్న రోజులవి. కళాశాల విడిచి ఇల్లు చేరిన కుమారునకు కుటుంబ వ్యాపారము సిద్ధముగా ఉండెను. ఆనాటి ఆచారము ననుసరించి వీరును అందు ప్రవేశించిరి.

వృత్తిలో వెలితి

ప్రత్తి వర్తకమున ధరవరలు తెలియవలెను. వడ్డీ వ్యాపారమున మనుష్యులు తెలియవలెను. రెండింటికిని ఓర్పు కావలెను. సరకు చేతులు మారును, సొమ్ము చేతులు మారును, మిగిలినది లాభము. ఇందు తప్పేమియు లేదు. తరతరములుగా ఎన్నో కుటుంబములను నిలిపిన వృత్తి అది. కాని వాల్‌చంద్‌గారి మనసు అందు నిలువలేదు. కొని అమ్ముటకంటె కట్టి నిలుపుటయందే వీరి కోరిక యని తరువాతి జీవితము తెలుపుచున్నది. అయితే ఆ మాట ఆ వయసున వీరికే స్పష్టముగా తెలిసియుండుననుటకు వీలులేదు. ఇరువది యేండ్ల ప్రాయమున మనిషికి తనకు వద్దనునది ముందుగా తెలియును; కావలసినది మెల్లగా తెలియును.

అప్పుడు దక్కనునందు రైలు మార్గములు వేయుచుండిరి. షోలాపురము సమీపమున బార్శీ లైట్ రైల్వే అను చిన్న పట్టాల మార్గము 1897లో ప్రారంభమై, 1906లో పండరిపురమునకును, 1911 నాటికి లాతూరునకును సాగెను. లక్ష్మణరావు బలవంత్ ఫాటక్ అను మహారాష్ట్ర గృహస్థు పూర్వము రైల్వేలో గుమాస్తాగా ఉండి, గుత్తపనుల మర్మము తెలిసికొన్నవాడు. పని తెలిసిన ఫాటక్‌గారికి పెట్టుబడి లేదు. పెట్టుబడి తేగల వాల్‌చంద్‌గారికి పని తెలియదు. ఇద్దరును కలిసి భాగస్థులై బార్శీ మార్గమున గుత్తపనికి పూనుకొనిరి.

గద్దెపై కూర్చుండు సేఠ్‌లకు మట్టిపని, రాతిపని అంతగా గౌరవమైనవిగా తోచని కాలమది. వాల్‌చంద్‌గారు మాత్రము అందే తన త్రోవను కనుగొనిరి. ఇచ్చట నేలను కొలువవలెను, కూలీలను కూర్చవలెను, వానలు రాకముందే కట్ట పూర్తి కావలెను, లెక్క తప్పినచో నష్టము తన నెత్తినే పడును. పని ముగిసిన నాడు కన్నులకు కనబడు వస్తు వొకటి నేలపై నిలిచియుండును. ఇంటి వ్యాపారమున దొరకని తృప్తి వీరికి ఇందు దొరకెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగియున్నది. వీరు కొట్టును విడిచిరే కాని, కొట్టు నేర్పిన విద్యను విడువలేదు. ధర కట్టుట, అప్పు తెచ్చుట, మాట నిలుపుకొనుట, భాగస్థుని ఎన్నుకొనుట, ఇవన్నియు ఇంటినుండి తెచ్చుకొన్నవే. వృత్తి మారినది, వర్తకుడు మారలేదు.

గుత్తపనులు, ఓడలు

తరువాతి యేండ్లలో పనులు పెరిగెను. బొంబాయి, పూనాల నడుమ భోర్ ఘాటులో రైలు సొరంగములు, తాన్సా చెరువునుండి బొంబాయికి నీటి గొట్టములు, సింధునదిపై వంతెన, బర్మాలో ఐరావతీ నదిపై వంతెన, ఇట్టి పెద్ద నిర్మాణములు వీరి యాజమాన్యమున గల సంస్థలు చేసినవే. 1926లో స్థాపించిన హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ నేటికిని ఆ పేరుతోనే ప్రసిద్ధము.

గుత్తపనులతోనే జీవితమును గడిపియుండినను వీరికి కొరత లేకపోయెడిది. కాని 1919లో మరియొక ద్వారము తెరువబడెను. యుద్ధకాలమున గ్వాలియరు మహారాజాగారి ఆధ్వర్యమున ఆసుపత్రి ఓడగా పనిచేసిన లాయల్టీ అను పాత ఆవిరి ఓడ అమ్మకమునకు వచ్చెను. వాల్‌చంద్‌గారు నరోత్తమ్ మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్ మొదలగు మిత్రులతో కలిసి దానిని కొనిరి. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అట్లు పుట్టెను. 1919 ఏప్రిలు 5వ తేదీన లాయల్టీ బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. ఆ దినమునే భారతదేశమున 1964 నుండి జాతీయ నౌకాయాన దినముగా పాటించుచున్నారు.

ఓడ పాతది, ఖర్చు పెద్దది, పోటీ బలమైనది. హిందూ మహాసముద్రపు వర్తకమంతయు ఆంగ్ల కంపెనీల చేతిలో ఉండెను. కొంతకాలము క్రిందట తూతుకుడిలో చిదంబరం పిళ్ళైగారు స్థాపించిన స్వదేశీ నౌకా సంస్థ ఆ పోటీకి తాళలేక మూతపడినది. సింధియాపైనను అదే విధముగా బాడుగలు తగ్గించి ఒత్తిడి చేసిరి. 1923లో లాయల్టీని పాత ఇనుముగా అమ్మివేయవలసి వచ్చెను. ఆ సంవత్సరమే ఆంగ్ల కంపెనీతో ఒప్పందము కుదుర్చుకొని, తీరవర్తకమునకు పరిమితమై సింధియా బ్రతికి బయటపడెను. మొదటి ఓడ పోయినను కంపెనీ నిలిచెను. 1929లో నరోత్తమ్ మొరార్జీగారు మోటారు ప్రమాదమున మరణించిన పిమ్మట వాల్‌చంద్‌గారే అధ్యక్షులై, 1950 వరకు దానిని నడిపిరి.

నడుమ నాసిక్ జిల్లా రావల్గాఁవులోను, పూనా జిల్లా ఇందాపూరు తాలూకాలో వీరి పేరనే వెలసిన వాల్‌చంద్‌నగరమునందును చెరకు సేద్యము, చక్కెర కర్మాగారములు నెలకొనెను.

బెంగుళూరున విమానములు

మైసూరు సంస్థానమునకు వీరి దృష్టిని త్రిప్పినది మోటారు పరిశ్రమ. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, ఆ తెలుగు కుటుంబమున పుట్టి మైసూరు దివానై 1918లో పదవి విడిచిన మహనీయులు, భారతదేశమున మోటారు కార్ల కర్మాగార మొకటి ఉండవలెనని 1930 తరువాతి యేండ్లలో ప్రణాళిక సిద్ధము చేసిరి. వాల్‌చంద్‌గారు ఆ ప్రయత్నమున వారితో చేయి కలిపిరి. కర్మాగారమును బెంగుళూరున నెలకొల్పుటకు మైసూరు ప్రభుత్వము సుముఖముగా ఉండెను. కాని భారత ప్రభుత్వము కావలసిన తోడ్పాటు నీయకపోవుటచే ఆ తలపు బెంగుళూరున ఫలింపలేదు.

మోటారు పనిమీదనే 1939లో అమెరికా వెళ్ళిన వాల్‌చంద్‌గారికి విమాన ప్రయాణమున విలియం పాలే అను అమెరికను పారిశ్రామికునితో పరిచయము కలిగెను. చైనాలో విమానముల కర్మాగారమును నడుపుచుండిన వ్యక్తి అతడు. చైనాలో సాధ్యమైనది భారతదేశమున ఏల సాధ్యము కాదను ఆలోచన ఆ పరిచయమునుండి పుట్టినదే. అప్పటికే రెండవ ప్రపంచ యుద్ధము మొదలైనది.

స్థలమునకై వెదకగా మైసూరు ప్రభుత్వము ముందుకు వచ్చెను. దివాను సర్ మీర్జా ఇస్మాయిల్‌గారు 700 ఎకరముల భూమిని సమకూర్చి, ప్రభుత్వపక్షమున 25 లక్షల రూపాయలు వాటా పెట్టించిరి. బెంగుళూరునకు అనుకూలములు పెక్కు గలవు. శివసముద్రపు జలవిద్యుచ్ఛక్తి 1902 నుండియు లభ్యమగుచుండెను. భారతీయ విజ్ఞాన సంస్థ అక్కడనే యున్నది. గాలి పొడిగాను చల్లగాను ఉండును. సముద్రతీరమునకు దూరమగుటచే శత్రుభయము తక్కువ. 1940 డిసెంబరు 23వ తేదీన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ బెంగుళూరున రిజిష్టరు కాబడెను. మరుసటి యేడే భారత ప్రభుత్వమును 25 లక్షలతో వాటాదారైనది. 1941లోనే హార్లో అను శిక్షణ విమానము ఇచ్చట కూర్పబడి ఆకాశమున కెగిరెను.

విశాఖపట్టణము

అదే సమయమున మరియొక నిర్మాణము సాగుచుండెను. ఓడలను నడుపుటయేగాక దేశముననే ఓడలను కట్టవలెనని సింధియా కంపెనీ సంకల్పము. మొదట కలకత్తాను తలచిరి. అచ్చట తగిన స్థలము దొరకకపోగా విశాఖపట్టణమును ఎన్నుకొనిరి. 1941 జూను 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్‌గారు శంకుస్థాపన చేసిరి.

1942 ఏప్రిలు

పది నెలలు గడిచినవో లేదో, 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. ఓడల నిర్మాణశాల పని నిలిచిపోయెను. ఆ నెలలోనే బెంగుళూరు విమాన కర్మాగారమును యుద్ధావసరముల నిమిత్తము భారత ప్రభుత్వము తన అధీనమునకు తీసికొనెను. వాల్‌చంద్‌గారి వాటాలకు మూల్యము చెల్లించిరి. కాని కర్మాగారము చేయిదాటిపోయెను. పెట్టినది మొదలు పోవునంతవరకు పట్టుమని పదునారు నెలలు.

అప్పటికి వీరి వయస్సు ఏబదితొమ్మిది యేండ్లు. ఒకే నెలలో తూర్పున ఒక పని ఆగినది, దక్షిణమున ఒక పని పోయినది. మోటారు పని ఇంకను కాగితములమీదనే ఉన్నది. ఇరువది యేండ్లవాని వెలితికి దారులు వెదకు అవకాశముండును. అరువదికి చేరిన మనిషికి అట్టి దెబ్బ తగిలిన నాడు ఇంతవరకు చేసినదంతయు ఎవరికొరకు అను ప్రశ్న ఎదురగుట సహజము. వాల్‌చంద్‌గారు దానికి పనితోనే సమాధానము చెప్పిరి. 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించిరి. యుద్ధము ముగియగనే విశాఖపట్టణమున పని తిరిగి సాగెను. 1948 మార్చి 14వ తేదీన అచ్చట కట్టిన జలఉష అను ఓడను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూగారు సముద్రమున ప్రవేశపెట్టిరి.

తుది దినములు

1949లో వాల్‌చంద్‌గారికి పక్షవాతము సోకెను. 1950లో వ్యాపార బాధ్యతలనుండి విరమించిరి. 1952లో విశాఖ నిర్మాణశాలయందు ప్రధాన భాగమును భారత ప్రభుత్వము కొని, హిందుస్థాన్ షిప్‌యార్డ్ అను పేర నడుపసాగెను. 1953 ఏప్రిలు 8వ తేదీన గుజరాతులోని సిద్ధపురమున వాల్‌చంద్‌గారు దివంగతులైరి. గులాబ్‌చంద్, రతన్‌చంద్, లాల్‌చంద్ అను తమ్ములు అన్నగారి సంస్థల నిర్వహణమున పాలుపంచుకొన్నవారే. ఒక కుమారుడు కొట్టు దిగిపోయినందున ఇల్లు చెడలేదు. ఇంటివారందరును అతడు చూపిన త్రోవను నడిచిరి.

బెంగుళూరున వీరు నాటిన మొక్క మ్రానైనది. 1951లో అచ్చటనే రూపొందిన హెచ్.టి. 2 అను శిక్షణ విమానము ఎగిరెను. 1964లో ఆ సంస్థ ఇతర సంస్థలతో కలిసి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అయ్యెను. ఆ కర్మాగారమునకు చేరిన విమానాశ్రయమే 2008 మే నెల వరకు బెంగుళూరు నగరమునకంతకును విమానాశ్రయముగా ఉపయోగపడెను. వ్యాపారము నిమిత్తము బొంబాయి, మద్రాసు, హైదరాబాదులకు ఎగిరిన మన వర్తకులు ఎందరో ఆ భూమిమీదనుండి ఎగిరినవారే. 2004లో తపాలాశాఖవారు వాల్‌చంద్‌గారి గౌరవార్థము బిళ్ళను వెలువరించిరి.

వీరు స్థాపించినవానిలో మిక్కిలి పెద్దవియైన రెండును వీరి చేతిలో మిగులలేదు. విమానశాల పదునారు నెలలకే పోయినది. ఓడల శాల కన్నుమూయకముందే ప్రభుత్వపరమైనది. స్వామ్యమునే ఫలముగా ఎంచువారికి ఇది నష్టము. పనినే ఫలముగా ఎంచువారికి రెండును నేటికిని నిలిచియే యున్నవి. పరిగ్రహమునకు పరిమితి విధించుకొనవలెనని వినుచు పెరిగిన వారికి ఈ భేదమును వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

మన ఇండ్లలో కొట్టుమీద మనసు నిలువని పిల్లవాడు కనబడినప్పుడు వానిని సోమరియని తలచుట సులభము. వాడు సోమరియే కావచ్చును, కాకపోవచ్చును. ఆ రెండింటిని వేరుచేయునది ఒక్కటే: వానిని ఒక పనిలో దింపి, ఆ పని బరువును వాని భుజముననే ఉంచి చూచుట. యువకులును గ్రహింపవలసిన దొకటి కలదు. వాల్‌చంద్‌గారు వెలితిని చెప్పుకొనుచు కాలము పుచ్చలేదు; పని తెలిసిన యొక గుమాస్తాను వెదకి, అతని ప్రక్కన నిలిచి, మట్టికట్టతో ప్రారంభించిరి. ఓడలును విమానములును అటు తరువాత వచ్చినవే.