దీనబంధు ఆండ్రూస్ కథ: కూలీ ముఖంలో తన దేవుణ్ణి చూసిన తెల్లదొర



పోయిన వారం వీడియోలో భగవద్గీత 12వ అధ్యాయం, అంటే భక్తియోగం గురించి చెప్పుకున్నాం కదా. ఏ ప్రాణినీ ద్వేషించనివాడు, అందరితో స్నేహంగా ఉండేవాడు, కరుణ ఉన్నవాడు, నేను, నాది అనే రెండూ వదిలేసినవాడు తనకి ఇష్టుడని అక్కడ కృష్ణ పరమాత్మ చెప్తాడు. వినడానికి ఎంత బాగుంటుందో, ఆచరించడం అంత కష్టం.

నా సంగతే చెప్తాను. పోయిన ఏడాది నేను నాలుగు నెలలు కూర్చుని చేసిన పనిని మా టీమ్‌లో ఒకతను తన పనిగా పైవాళ్ళకి చూపించుకున్నాడు. పొద్దున్నే విష్ణు సహస్రనామం వింటూ మెట్రో ఎక్కేవాణ్ణి. ఆఫీసులో అతని మొహం కనబడగానే లోపల మంట మొదలయ్యేది. వెయ్యి నామాలు విన్న మనసు పది నిమిషాలు కూడా నిలబడేది కాదు. మరి నా భక్తి ఎక్కడికి పోయినట్టు?

ఆ రోజుల్లోనే నాకు చార్లెస్ ఫ్రీయర్ ఆండ్రూస్ జీవితం ఎదురైంది. మన స్కూలు పుస్తకాల్లో గాంధీగారి స్నేహితుడిగా ఒక్క లైన్‌లో వచ్చి వెళ్ళిపోతారు ఈయన. క్రైస్తవ మిషనరీగా మన దేశానికొచ్చిన మనిషి. మన ఛానల్లో ఈయన కథ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా చదవండి, మీకే తెలుస్తుంది.

నమ్మకద్రోహం చేసినవాడి కోసం ప్రార్థన

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో పుట్టారు. చాలామంది పిల్లలున్న కుటుంబం. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో గురువు. తర్వాత వాళ్ళు బర్మింగ్‌హామ్‌కి మారారు. పసితనంలోనే చార్లీకి పెద్ద జబ్బు చేసి చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. పక్కనే కూర్చుని కాపాడుకున్న తల్లి అంటే జీవితాంతం ప్రాణం.

తల్లికి పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తిని ఒక కుటుంబ స్నేహితుడు చూసుకునేవాడు. అతను ఆ డబ్బునంతా సట్టా వ్యాపారంలో పెట్టి పోగొట్టాడు. ఒక్కసారిగా ఇల్లు ఇబ్బందుల్లో పడింది. ఆ వార్త తెలిసిన రోజు తండ్రి ఎప్పటిలాగే పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని ప్రార్థన చేశారు. తన కష్టం తీరాలని కాదు, తమని ముంచిన ఆ స్నేహితుడి కోసం చేశారు. అతన్ని క్షమించమని, అతని మనసు మారాలని అడిగారు. మోకాళ్ళ మీద కూర్చుని విన్న ఆ పిల్లవాడు ఆ రాత్రిని మళ్ళీ మర్చిపోలేదు. పెద్దయ్యాక తన ఆత్మకథలో కూడా రాసుకున్నారు.

ఇది చదివినప్పుడు నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నా నాలుగు నెలల పని ఎక్కడ, వాళ్ళ జీవితం మొత్తం ఎక్కడ!

లోపలి సంకెళ్ళు

పంతొమ్మిదేళ్ళ వయసులో, కేంబ్రిడ్జ్‌లో చేరబోయే ముందు, ఆయనకి ఒక అనుభవం కలిగింది. పడుకునే ముందు ప్రార్థనకి కూర్చుంటే, తన లోపలున్న చెడు అంతా ఒక్కసారి కళ్ళముందుకొచ్చినట్టయింది. చాలాసేపు ఆ వేదనలో నలిగిపోయాక, క్రీస్తు తనని క్షమించి దగ్గరికి తీసుకున్నాడన్న శాంతి మనసంతా నిండింది. మన భక్తులు శరణాగతి అని చెప్పేదానికి చాలా దగ్గరగా ఉంటుంది ఈ అనుభవం.

ఇలాంటి అనుభవం కలిగాక కొందరు దాన్ని దాచుకుని మురిసిపోతారు. ఆండ్రూస్‌కి మాత్రం వెంటనే పేదవాళ్ళ దగ్గరికి వెళ్ళాలనిపించింది. చదువయ్యాక దక్షిణ లండన్‌లోని వాల్‌వర్త్ అనే పేదల పేటలో, తమ కాలేజీ నడిపే సేవా కేంద్రంలో పనిచేశారు. 1897లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో పూర్తిస్థాయి పురోహితుడయ్యారు. తండ్రి శాఖని వదిలి అందులో చేరడం ఇంట్లో బాధ పెట్టిన విషయమే. తర్వాత కేంబ్రిడ్జ్‌లో అధ్యాపకుడిగా సుఖమైన ఉద్యోగం. అక్కడే ఉండిపోయి ఉంటే పెద్ద పదవులు వచ్చేవి. కానీ ఢిల్లీ మిషన్‌లో పనిచేస్తూ కలరాతో చనిపోయిన బాసిల్ వెస్ట్‌కాట్ అనే ప్రాణ స్నేహితుడు మనసులో మెదులుతూనే ఉన్నాడు. అతను వదిలిన పని తను చేయాలని 1904 మార్చిలో మన దేశానికి వచ్చారు.

నేర్పడానికొచ్చి, నేర్చుకున్నాడు

ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో అధ్యాపకుడు. అప్పటి ఢిల్లీ ఎలా ఉండేదో ఊహించుకోండి. రైల్లో తెల్లవాళ్ళకి వేరే పెట్టె, క్లబ్బుల్లోకి మనవాళ్ళకి ప్రవేశం లేదు. మనుషులందరూ దేవుడి పిల్లలేనని బోధించే మిషనరీలలో కూడా చాలామంది మనవాళ్ళని సమానంగా చూసేవారు కాదు. ఆండ్రూస్‌కి అది మింగుడు పడలేదు.

కాలేజీలో సుశీల్ కుమార్ రుద్ర అనే బెంగాలీ అధ్యాపకుడు ఉండేవారు. అనుభవంలో, వయసులో ఆండ్రూస్ కంటే పెద్ద. 1906లో ప్రిన్సిపల్ పదవి ఖాళీ అయితే, దొర కాబట్టి ఆండ్రూస్‌కే ఇవ్వాలన్న ఆలోచన వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. రుద్రగారు ఉండగా తను ఆ కుర్చీలో కూర్చోవడం అన్యాయమని పట్టుబట్టారు. చివరికి రుద్రగారే ఆ కాలేజీకి మొదటి భారతీయ ప్రిన్సిపల్ అయ్యారు. ప్రమోషన్ చేతికొస్తుంటే ఇది నాది కాదు, ఆయనది అనడం ఎంత కష్టమో ఉద్యోగం చేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఢిల్లీలో జకావుల్లా అనే ముస్లిం పండితుడు ఆయనకి పెద్దదిక్కు. హరిద్వార్ దగ్గర కాంగ్‌డీ గురుకులం నడిపే మహాత్మా మున్షీరామ్, అంటే తర్వాతి స్వామి శ్రద్ధానంద, ఆప్త మిత్రుడు. 1912లో లండన్‌లో ఒక చిత్రకారుడి ఇంట్లో రవీంద్రనాథ్ ఠాగూర్ కవితలు చదువుతుంటే విన్నారు ఆండ్రూస్. ఆ రాత్రి ఇంటికెళ్ళలేక మైదానంలో ఒంటరిగా తిరుగుతూ ఉండిపోయారు.

ఇక్కడే ఆయనకి అసలు పరీక్ష ఎదురైంది. తమ సిద్ధాంతం నమ్మనివాళ్ళందరూ శాశ్వతంగా నశించిపోతారని చెప్పే ఒక పాత విశ్వాస ప్రకటనని పురోహితుడిగా చర్చిలో చదవాలి. జకావుల్లా, మున్షీరామ్, ఠాగూర్ ముఖాలు కళ్ళముందు పెట్టుకుని ఆ మాటలు ఎలా పలకడం? పలకలేకపోయారు. 1914లో పురోహిత బాధ్యతలు వదులుకున్నారు, మిషన్ నుంచి బయటికొచ్చారు, శాంతినికేతన్ చేరారు. జీతం, హోదా, సొంత సమాజంలో గౌరవం అన్నీ పోయాయి. క్రీస్తుని మాత్రం వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు దాటాక, 1936లో, మళ్ళీ పురోహితుడిగా సేవ మొదలుపెట్టారు.

డర్బన్ రేవులో

ఆ ఏడాది మొదట్లోనే ఇంకో సంఘటన జరిగింది. దక్షిణాఫ్రికాలో గాంధీగారి సత్యాగ్రహం నడుస్తోంది. సాయం కావాలని గోఖలే అడిగారు. ఆండ్రూస్ తను దాచుకున్న డబ్బంతా ఆ నిధికి ఇచ్చేసి, విలియం పియర్సన్ అనే మిత్రుడితో ఓడ ఎక్కారు. అప్పటికి ఇంగ్లండ్‌లో తల్లి ఆరోగ్యం బాగాలేదు. అయినా ఆఫ్రికాకే వెళ్ళారు. ఆయన అక్కడ ఉండగానే ఆమె కన్నుమూసింది. చిన్నప్పుడు తనని బతికించుకున్న తల్లిని చివరిసారి చూసుకోలేకపోయారు.

1914 జనవరి మొదట్లో డర్బన్ రేవులో దిగగానే గాంధీగారు ఎవరని అడిగారు. కూలీలు వేసుకునే తెల్లటి ముతక బట్టల్లో, గుండు చేయించుకుని ఉన్న ఒక సన్నటి మనిషిని చూపించారు. ఆండ్రూస్ వంగి ఆయన పాదాలు తాకారు. ఒక తెల్లవాడు నల్లవాడి కాళ్ళకి మొక్కడమా అని అక్కడి తెల్లవాళ్ళు మండిపడ్డారు. గాంధీకి, స్మట్స్‌కి మధ్య ఒప్పందం కుదరడంలో ఆయన చాలా సాయం చేశారు. అప్పటినుంచి వాళ్ళిద్దరూ ఒకరికొకరు మోహన్, చార్లీ. గాంధీగారిని అలా పేరు పెట్టి పిలిచేంత చనువు చాలా కొద్దిమందికే ఉండేది.

కూలీ ముఖం

ఇప్పుడు కథలో ముఖ్యమైన చోటికి వచ్చాం. 1915లో శాంతినికేతన్‌లో ఆయనకి కలరా వచ్చింది. బతకడమే కష్టమైంది. సిమ్లాలో కోలుకుంటున్నప్పుడు ఒకరోజు, దెబ్బలు తిని భయంతో ముడుచుకుపోయిన ఒక కూలీ రూపం మనసులో కనిపించింది. చూస్తుండగానే ఆ కూలీ ముఖం క్రీస్తు ముఖంగా మారిపోయింది. తను ఎక్కడికి వెళ్ళాలో ఆయనకి అర్థమైంది.

ఫిజీ దీవుల్లో చెరకు తోటల కోసం 1879 నుంచి మన దేశపు కూలీలని ఓడల్లో తీసుకెళ్ళేవారు. 1916 వరకు దాదాపు 60 వేల మందిని పంపారు. అయిదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంట్ అనే మాట వాళ్ళ నోట గిర్మిట్ అయింది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు బయలుదేరాయి, వాటిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎలాంటి పనో చాలామందికి తెలియదు. ఇరుకు గదుల వరసల్లో, ఒక్కో గదిలో ముగ్గురు మగవాళ్ళని గానీ ఒక కుటుంబాన్ని గానీ పెట్టేవారు. 100 మంది మగవాళ్ళకి 40 మంది ఆడవాళ్ళు ఉంటే చాలన్నది లెక్క. దానివల్ల ఆ ఆడవాళ్ళు పడ్డ నరకం చెప్పలేనిది. ఎంతోమంది ఆత్మహత్య చేసుకున్నారు.

జబ్బు నుంచి లేచిన కొద్ది నెలల్లోనే ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ వెళ్ళారు. తోట తోటా తిరిగి, కూలీలతో కూర్చుని మాట్లాడి, చూసింది చూసినట్టు రిపోర్టు రాశారు. 1916 మార్చిలో మదన్ మోహన్ మాలవీయ ఈ పద్ధతి రద్దు చేయాలని శాసనసభలో తీర్మానం పెడితే వైస్రాయ్ హార్డింజ్ ఒప్పుకున్నారు. కానీ అమలు చేయడానికి ఇంకా కొన్నేళ్ళు సాగదీయాలని చూశారు. దేశమంతా గొడవ చేసింది. 1917లో కొత్తవాళ్ళని పంపడం ఆగింది. ఆండ్రూస్ అదే ఏడాది మళ్ళీ ఫిజీ వెళ్ళి పోరాడారు. 1920 జనవరి 1న అక్కడ మిగిలిన కూలీల ఒప్పందాలు కూడా రద్దయ్యాయి. జనం ఆయన్ని దీనబంధు అని పిలుచుకున్నారు. మనం భగవంతుణ్ణి పిలిచే పేరు అది.

చివరిదాకా అదే దారి

తర్వాత కూడా ఆయన ఒకచోట కూర్చోలేదు. 1919లో జలియన్‌వాలాబాగ్ ఘోరం తర్వాత పంజాబ్ గ్రామాల్లో తిరిగి, తన జాతి చేసిన పాపానికి బాధితులని క్షమాపణ అడిగారు. 1921లో అస్సాం తేయాకు తోటల నుంచి పారిపోయి చాంద్‌పూర్‌లో చిక్కుకున్న కూలీలకి కలరా సోకితే, వాళ్ళ మధ్యకి వెళ్ళి సేవ చేశారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కి రెండుసార్లు అధ్యక్షుడయ్యారు. 1924లో హిందూ ముస్లింల ఐక్యత కోసం గాంధీగారు ఢిల్లీలో 21 రోజులు ఉపవాసం చేసినప్పుడు పక్కనే ఉన్నారు.

ప్రేమ అంటే అన్నిటికీ తల ఊపడం అని ఆయన అనుకోలేదు. విదేశీ బట్టలు తగలబెట్టడం తప్పని, అందులో ద్వేషం ఉందని గాంధీగారి ముఖం మీదే చెప్పారు. స్నేహం మాత్రం చెక్కుచెదరలేదు. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూశారు. సమాధి అక్కడే లోయర్ సర్క్యులర్ రోడ్ శ్మశానంలో ఉంది. పెళ్ళి లేదు, ఆస్తి లేదు. ఒంటి మీది బట్ట కూడా ఎవరికైనా ఇచ్చేసే మనిషి.

మనకేంటి?

ఈ కథ చదివి మనం మతం మారక్కర్లేదు. మన నారాయణుడు మనకున్నాడు. కానీ నరుడిలో నారాయణుణ్ణి చూడాలని మనం ఎన్నిసార్లు వినలేదు? ఆయన తన దేవుణ్ణి ఒక కూలీ ముఖంలో నిజంగా చూశారు, చూశాక ఓడ ఎక్కారు. ఆయనకి దొరికిన స్వేచ్ఛ అంటే ఇదేనని నాకనిపిస్తుంది. పదవి పోతుందన్న భయం, తన జాతివాళ్ళు ఏమనుకుంటారో అన్న భయం, నేను గొప్ప అన్న అహం, ఒక్కొక్కటీ రాలిపోయాయి. అవి రాలిన చోట ఎదుటి మనిషికి చోటు దొరికింది.

నా విషయానికొస్తే, పెద్ద మార్పేమీ జరగలేదు. ఆ పని ఎవరు చేశారో మా మేనేజర్‌కి కోపం లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అది చెప్పాల్సిందే. ఆ తర్వాత ఒక వారం రోజులు, సహస్రనామం అయ్యాక, ఆ అబ్బాయి పేరు తలుచుకుని అతను, అతని ఇంట్లోవాళ్ళు బాగుండాలని దండం పెట్టుకున్నాను. మొదటి రెండు రోజులు మాటలు పెదాల మీదే ఉన్నాయి. అయిదో రోజు, వాళ్ళ నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నారని ఎవరో అంటే విని, నా అంతట నేనే వెళ్ళి ఎలా ఉన్నారని అడిగాను. ఇద్దరం టీ తాగాం. పాత సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మీకూ అలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఈ వారం మీ పూజలో వాళ్ళ పేరు ఒక్కసారి తలుచుకోండి. వచ్చే శనివారం మళ్ళీ కలుద్దాం. శుభం.