పిల్లవాని మాటతో మొదలైన చదువు: గిడుగు రామమూర్తి పంతులు గారు



మా పిల్లవానికి చదువు మీద మనసు లేదని ఎందరో తల్లిదండ్రులు మాతో చెప్పి బాధపడుతుంటారు. తరగతిలో పిల్లలు పలకరని ఉపాధ్యాయులూ అంటారు. ఆ మౌనానికి కారణం పిల్లవానిలో గాక, మనం చెప్పే భాషలో ఉండవచ్చునని జీవితమంతా పనిచేసి చూపిన ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు.

వీరు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. మెట్రిక్యులేషన్ ముగించి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే బి.ఏ. పూర్తిచేశారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాషకు తెలుగుతో గాని ఒరియాతో గాని చుట్టరికం లేదు. ఆనాడు వారి పిల్లలు చదువుకోవడానికి ఆ భాషలో పుస్తకాలూ లేవు. సవర పిల్లవాడు బడికి వస్తే తెలియని సంగతులను తెలియని భాషలోనే వినాలి. అటువంటి చోట బెత్తం పిల్లవానిని కూర్చోబెట్టగలదు గాని, నేర్పలేదు.

తెలిసిన దాని నుండి తెలియని దానికి నడిపించాలని ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పారు. పంతులుగారు ముందుగా తామే విద్యార్థి అయి ఆ పని చేశారు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకొని, ఏళ్ల తరబడి శ్రమించి ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, అక్కడి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. కొండల్లో తిరిగి మలేరియా జ్వరం తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నది. అయినా పని మానలేదు. 1931లో వీరి సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి.

తెలుగు పిల్లల కష్టమూ వీరి కంట పడింది. ఆనాడు ఇంగ్లీషును నాటి వాడుకలో నేర్పిన బడులు, తెలుగును మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో నేర్పేవి. పాఠశాలల పర్యవేక్షణకు వచ్చిన యేట్స్ దొరగారు ఈ తేడాను గురించి అడిగినప్పటి నుండి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడారు. పండితుల ఎదురుదాడిని తట్టుకుంటూ 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. బడి పుస్తకాల్లో వాడుక భాష స్థిరపడేనాటికి వీరు లేరు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, అర్ధశతాబ్దానికి పైగా పనిచేసిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. వీరి జన్మదినాన్ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

తరతరాలుగా ఇతర భాషల నడుమ కాపురముంటున్న మనకు ఈ జీవితం బాగా అర్థమవుతుంది. మన పిల్లలు బడిలో కన్నడమో తమిళమో ఒరియానో మరాఠీనో చదువుతారు. సాయంత్రం పాఠం అప్పజెప్పించుకునే ముందు, ఆ సంగతిని ఇంటి తెలుగులో చెప్పమని అడుగుదాము. తడబడినా మధ్యలో అడ్డుపడకుండా విందాము. అర్థమైన పాఠాన్ని ఆ తరువాత బడి భాషలో వ్రాయడం వారికి బరువు కాదు. అలాగే మన సంఘాలలో పాఠాలు చెప్పే వారు, మాట్లాడని పిల్లవానిని మొద్దు అనే ముందు, వాని ఇంట్లో ఏ మాట నడుస్తుందో ఒకసారి వెళ్లి తెలుసుకోవాలని మనవి చేస్తున్నాము.