భీముడు కాదు, సాధకుడు

మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ ఒడియా. సెలవుల్లో విశాఖపట్నం వెళ్ళినప్పుడు బీచ్‌లో ఒక విగ్రహం చూసి ఈయనెవరని అమ్మ అడిగింది. కోడి రామమూర్తి, కలియుగ భీముడు, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకునేవాడని చెప్పాను. అంత బలం ఎలా వచ్చిందని మళ్ళీ అడిగింది. పుట్టుకతోనే అనేశాను. ఇంటికొచ్చి ఆయన గురించి చదివాక నేను చెప్పింది తప్పని తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

కోడి రామమూర్తి నాయుడు 1880ల్లో వీరఘట్టంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి వెంకన్న నాయుడు ఆయన్ని విజయనగరంలో పినతండ్రి దగ్గరికి పంపించారు. అక్కడ చదువు కన్నా కసరత్తు మీదే మనసు పోయింది. కుస్తీ పట్టారు, బరువులెత్తారు. తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి బడిలో డ్రిల్లు మాస్టారయ్యారు. ఆ ఉద్యోగంలోనే ఉండిపోతే ఆయన పేరు మనదాకా వచ్చేది కాదేమో. కానీ ఆయన సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు.

డేరాలో ఆయన ఛాతీకి ఇనప గొలుసు బిగించేవారు. గట్టిగా ఊపిరి పీల్చి ఛాతీని పొంగిస్తే గొలుసు తెగిపోయేది. రెండు చేతులకీ కట్టిన కార్లు చెరోవైపు లాగుతుంటే కదలనిచ్చేవారు కాదు. అన్నిటికన్నా పెద్దది ఏనుగు ఫీటు. పడుకున్న ఆయన ఛాతీ మీద పలక వేసి దాని మీదికి ఏనుగుని ఎక్కించేవారు. అంతసేపూ ఊపిరి బిగబట్టి ఉండాలి. ఒక్క క్షణం ముందు వదిలేస్తే ఇంకేముంది!

చూసినవాళ్ళు ఇది దైవబలం అనుకున్నారు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులిస్ అని బిరుదులిచ్చారు. అవి గౌరవంతో ఇచ్చినవే, కాదనను. కానీ భీముడు అనేశాక ఇక ఎవరూ ఆయన రోజూ ఏం చేసేవారని అడగరు, నేను అడగనట్టే. ఆయన శాకాహారి. బలమంతా కండలోనే లేదని, ప్రాణాయామంతో ఊపిరిని అదుపు చేయడంలో ఉందని నమ్మారు. ఏళ్ళ తరబడి అదే సాధన చేశారు. ప్రేక్షకులకి అది కొన్ని నిమిషాల వింత, ఆయనకి మాత్రం జీవితమంతా చేసిన అభ్యాసం.

చివరి రోజులు కష్టంగా గడిచాయి. కాలికి జబ్బు చేసి కాలు తీసేయాల్సి వచ్చింది. ఏనుగుని మోసిన మనిషి అడుగు వేయడానికి ఇంకొకరి మీద ఆధారపడ్డారు. 1942 జనవరిలో మన ఒడిశాలోనే, బలంగీర్‌లో కన్నుమూశారు. ఇన్నాళ్ళూ ఆయన్ని అక్కడెక్కడో ఉన్న మనిషి అనుకున్నాను. చివరి ఊపిరి వదిలింది మా అమ్మ భాష మాట్లాడే నేల మీద.

ఇదంతా మొన్న అమ్మకి ఒడియాలోనే చెప్పాను. దైవబలం అన్న మాట వాడలేదు. రోజూ ఊపిరి పట్టడం నేర్చుకున్నాడమ్మా అని మాత్రం చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, రోజూనా అని అడిగింది. రోజూ అన్నాను.