పెన్సిల్ ముక్కలో దాగిన లోకం: కె.ఎస్. కృష్ణన్

ఏటా ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం అనగానే సి.వి. రామన్ బొమ్మకి దండ వేస్తాం. 1928లో అదే నెల 16న నేచర్ పత్రికకి వెళ్ళిన చిన్న వ్యాసం మీద మాత్రం రెండు పేర్లున్నాయి. రెండో పేరు కె.ఎస్. కృష్ణన్. 1930లో నోబెల్ బహుమతి రామన్ ఒక్కరికే వచ్చింది. దాంతో చాలామందికి కృష్ణన్ అంటే రామన్ గారి శిష్యుడు, అంతే. కానీ ఆయన అసలు జీవితకృషి ఆ తరవాతే మొదలైంది.

కరియమాణిక్కం శ్రీనివాస కృష్ణన్ 1898 డిసెంబర్ 4న, ఇక్కడే మన తమిళనాడులో, శ్రీవిల్లిపుత్తూరు దగ్గరి వత్రాప్ అనే ఊళ్ళో పుట్టారు. మదురై అమెరికన్ కాలేజీలోనూ, మద్రాసు క్రైస్తవ కళాశాలలోనూ చదివారు. కొన్నాళ్ళు అక్కడే రసాయనశాస్త్రంలో డెమాన్‌స్ట్రేటర్‌గా పనిచేసి, తరవాత కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరారు.

1928 చివర్లో ఢాకా విశ్వవిద్యాలయంలో రీడర్ ఉద్యోగం వచ్చింది. సత్యేంద్రనాథ్ బోసు అప్పుడు అక్కడే ఉన్నారు. పేరు తెచ్చిపెట్టిన కాంతి విషయాన్ని పట్టుకుని కూర్చోకుండా, కృష్ణన్ అక్కడ కొత్త దారి పట్టారు. స్ఫటికాల్లో అయస్కాంత గుణం దిక్కుని బట్టి ఎలా మారుతుందో కొలవాలనుకున్నారు.

పద్ధతి వినడానికి ఎంతో తేలిక. సన్నని క్వార్ట్జ్ పోగుకి చిన్న స్ఫటికాన్ని వేలాడదీసి అయస్కాంతం ధ్రువాల మధ్య ఉంచాలి. స్ఫటికం అన్ని దిక్కులా ఒకేలా స్పందించకపోతే అది తిరగబోతుంది, పోగు మెలిపడుతుంది. ఆ మెలికని కొలిస్తే తేడా ఎంతో తెలుస్తుంది. ఆ తేడా నుంచి, లోపల అణువులు ఎటు వాలి ఉన్నాయో లెక్క కట్టొచ్చు. బట్టల పెట్టెలో వేసుకునే కలరా ఉండలున్నాయే, ఆ నాఫ్తలీన్ స్ఫటికాల్ని కూడా ఆయన బృందం ఇలాగే పరీక్షించింది. కంటికి కనపడని అమరికని ఒక పోగు మెలికలో చదవడమన్నమాట!

1933లో మళ్ళీ కలకత్తా వచ్చారు, ఈసారి మహేంద్రలాల్ సర్కార్ ప్రొఫెసర్‌గా. అక్కడ గంగూలీ అనే సహచరుడితో కలిసి గ్రాఫైట్ మీద పని చేశారు. గ్రాఫైట్ అంటే మన పెన్సిల్లో ఉండేదే. అందులో కార్బన్ పరమాణువులు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. పొర వెంట విద్యుత్తు సులువుగా పోతుంది, ఒక పొర నుంచి ఇంకో పొరకి దాటడం మాత్రం చాలా కష్టం. అయస్కాంత గుణంలోనూ పెద్ద తేడా ఉంది. అంటే ఎలక్ట్రాన్లు పొరలోనే స్వేచ్ఛగా తిరుగుతున్నాయి! దీన్ని ఆయన 1939 నుంచి 1941 దాకా వ్యాసాల్లో వివరించారు. 2004లో మాంచెస్టర్‌లో గ్రాఫైట్ నుంచి ఒకే ఒక్క పొరని, అంటే గ్రాఫీన్‌ని, విడదీశారు, 2010లో దానికి నోబెల్ వచ్చింది. ఇప్పుడు క్వాంటం పదార్థాలు అంటున్న ఈ రంగంలో, అంతకు అరవై ఏళ్ళకి పైగా ముందే, మన దేశంలో కొలతలు తీసినవాడు కృష్ణన్.

1940లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1942లో అలహాబాద్ ప్రొఫెసర్, 1947లో ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలకి మొదటి డైరెక్టర్. కుర్చీ పెద్దదైనా పరిశోధన మానలేదు. బాగా కాగిన తీగల్లో వేడి ఎలా సర్దుకుంటుందో సహచరులతో కలిసి అక్కడ పరిశీలించారు. 1954లో పద్మభూషణ్, 1958లో మొట్టమొదటి భట్నాగర్ బహుమతి అందుకున్నారు. సంస్కృతం, తమిళం రెండూ ఇష్టంగా చదివేవారు. 1961 జూన్ 14న, డైరెక్టర్‌గా ఉండగానే, కన్నుమూశారు.

పెద్ద పేరు పక్కన చిన్న పేరుగా మిగలడం ఎవరికైనా కష్టమే. కృష్ణన్ ఆ పక్కనే నిలబడి ఉండిపోలేదు. ఇంకో ఊరు వెళ్ళి, ఇంకో ప్రశ్న వేసుకున్నారు. ఈసారి పెన్సిల్ చెక్కేటప్పుడు ఆ నల్లటి ముక్కని ఒక్క క్షణం చూడండి. దాన్ని ఆయన ఏళ్ళ తరబడి చూశారు.