కన్నంబాడి నీరు, కోలారు తీగ: మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితం

సెప్టెంబరు 15వ తేదీ ఇంజనీర్ల దినోత్సవమని మన సంఘ సభ్యులందరికీ తెలిసినదే. ఆనాడు ఆఫీసుల్లో ఎవరి పటానికి పూలదండ వేస్తామో ఆ విశ్వేశ్వరయ్య గారిని గురించి ఈ ప్రత్యేక సంచికకు రాయమని కార్యదర్శి గారు కోరారు. నూరేళ్ల జీవితాన్ని మూడు పేజీల్లో చెప్పడం నా వల్ల కాదు. వారు కట్టించిన కన్నంబాడి ఆనకట్టకు, మన పక్కనున్న కోలారు బంగారు గనులకు గల సంబంధాన్ని గురించే ఎక్కువగా రాస్తాను. కుప్పం, పుంగనూరు, పలమనేరు వైపు నుంచి ఎందరో ఆ గనుల్లోకి పనికి పోయారు. మా సదుం పరిసరాల్లోనూ గనికి పోయిన తాతలను తలచుకునే ఇళ్లు నేటికీ ఉన్నాయి.

విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులు తెలుగువారు. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుంచి మైసూరు సంస్థానానికి వలస వెళ్లారు. వీరు 1861 సెప్టెంబరు 15న చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో జన్మించారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి గారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. బెంగుళూరులో మేనమామ ఆసరాతో, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బి.ఏ. పూర్తి చేశారు. తర్వాత మైసూరు ప్రభుత్వ ఉపకార వేతనంతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

ఆ శాఖలో వారు చేసిన పనుల్లో ఒకటి చెప్పుకోవాలి. పూనా నగరానికి నీళ్లిచ్చే ఖడక్‌వాస్లా చెరువు చాలడం లేదు. కట్ట ఎత్తు పెంచితే ఖర్చు, ప్రమాదం రెండూ ఉన్నాయి. విశ్వేశ్వరయ్య గారు కట్ట జోలికి పోకుండా, అలుగు మీద తమంతట తామే తెరుచుకునే తలుపులు పెట్టారు. వరద నీరు ఒక మట్టం దాటితే అవి తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. దానితో అదనంగా ఎనిమిది అడుగుల నీరు నిలిచింది. ఇది 1903 నాటి మాట.

బొంబాయి ప్రభుత్వంలో చీఫ్ ఇంజనీరు కుర్చీ ఆ రోజుల్లో తెల్లవారిదే. ఆ సంగతి గ్రహించి, పాతికేళ్ల సర్వీసు నిండకముందే 1908లో స్వచ్ఛందంగా పదవీ విరమణ కోరారు. ప్రభుత్వం పింఛను మంజూరు చేసింది. పాతికేళ్లు నిండని సర్వీసుకు ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా పింఛనుదారుగా జీవించారంటే, మన సంఘ సభ్యులు ఆనందించదగిన విషయమే గదా!

విశ్రాంతి మాత్రం తీసుకోలేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచి వేలాది ప్రాణాలు బలిగొన్నది. నిజాం ప్రభుత్వం పిలుపుపై 1909లో వెళ్లి, నగరానికి ఎగువన మూసీ మీద, ఈసీ మీద జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని సూచించారు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. వరదను ఆపడానికి తలపెట్టినవి తరాల పాటు నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి.

ఆ 1909 నవంబరులోనే మైసూరు చీఫ్ ఇంజనీరుగా చేరారు. అప్పటికి అక్కడ పరిస్థితి ఏమిటంటే, దివాను శేషాద్రి అయ్యరు గారు శివసముద్రం జలపాతం వద్ద విద్యుత్ కేంద్రానికి ఏర్పాట్లు చేసి, అది పూర్తికాకముందే 1901లో కన్నుమూశారు. 1902 జూన్ 30న శివసముద్రం కరెంటు కోలారు గనులకు చేరింది. మధ్య దూరం 92 మైళ్లు. అప్పటికి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి. బెంగుళూరు వీధి దీపాలు వెలిగింది కూడా మూడేళ్ల తర్వాత 1905లోనే. గనుల కంపెనీలు రొక్కం చెల్లించగలవు గనుక తీగ ముందు అక్కడికి పోయింది. ఆ తీగ కింద ఉన్న పల్లెల్లో మాత్రం ఇంకా ఎన్నో ఏళ్లు ఆముదపు దీపాలే. నా చిన్నతనంలో మేము కూడా లాంతరు వెలుగులోనే ఎక్కాలు చదివాము.

తీగ వేశారు గాని నీటికి భరోసా లేదు. కావేరి వర్షాకాలంలో ఉప్పొంగుతుంది, ఎండాకాలంలో సన్నగిల్లుతుంది. గనికి అటువంటి కాలభేదాలు పనికిరావు. మనుషులను దించి ఎక్కించే తొట్లు, లోపలి ఊటనీటిని తోడే పంపులు రాత్రింబవళ్లు నడవాలి. వేసవిలో కరెంటు తగ్గితే వేలాది మంది పని ఆగిపోతుంది. గనులేమో ఏటేటా ఇంకా ఎక్కువ కరెంటు కావాలంటున్నాయి. ఎగువన పెద్ద జలాశయం ఉంటే తప్ప లాభం లేదని విశ్వేశ్వరయ్య గారు తేల్చారు. కావేరి, హేమావతి, లక్ష్మణతీర్థ కలిసేచోట, మైసూరుకు దగ్గరలోని కన్నంబాడి వద్ద స్థలం నిర్ణయించారు. అదే నీరు మండ్య సీమ పొలాలకూ పారించవచ్చునని లెక్క కట్టారు.

ఆర్థిక శాఖ వారు అంత కరెంటు ఎవరు కొంటారని అభ్యంతరం చెప్పారు. ఫైలు వెనక్కి వచ్చింది. విశ్వేశ్వరయ్య గారు దివాను ఆనందరావు గారిని, మహారాజా నాల్గవ కృష్ణరాజ ఒడయరు వారిని ఒప్పించారు. 1911 అక్టోబరు 12న 81 లక్షల రూపాయల ఖర్చుకు అనుమతి వచ్చింది, నవంబరులో పని మొదలైంది.

అసలు చిక్కు మద్రాసు ప్రభుత్వంతో వచ్చింది. కింద తంజావూరు రైతుల నీటికి నష్టమని వారి వాదన, అది కొట్టిపారేయవలసినది కాదు. మొదటి దశగా సుమారు 80 అడుగుల ఎత్తుకే వారు సరేనన్నారు. విశ్వేశ్వరయ్య గారి నక్షాలో ఉన్నది 124 అడుగుల నీటిమట్టం. రాతి ఆనకట్టకు అడుగు వెడల్పు దాని ఎత్తును బట్టి ఉంటుంది. ఇరుకు పునాది మీద తర్వాత ఎత్తు పెంచడం సాధ్యం కాదు. అందుకని వారు పునాదిని మాత్రం పూర్తి ఎత్తుకు సరిపడేటట్టే వేయించారు.

జీవితమంతా ఫైళ్లు చూసిన గుమస్తాగా నేను ఇక్కడ కాస్త ఆగుతాను. మంజూరైనది ఒక ఎత్తుకు, పునాది మరొక ఎత్తుకు! రెండో దశకు అంగీకారం రాకపోతే ఆ అదనపు రాతికట్టడమంతా దండగ ఖర్చే అయ్యేది. ఆడిట్ వారు ఎన్ని పేజీల అభ్యంతరం రాసేవారో మనకు తెలుసు. 1914లో వచ్చిన మధ్యవర్తి తీర్పు మీద కూడా మద్రాసు అప్పీలుకు వెళ్లింది. ఒప్పందం కుదిరింది 1924 ఫిబ్రవరిలో! అంటే పన్నెండేళ్లకు పైగా ఆ పునాది అనుమతి కోసం ఎదురు చూసింది. అది మొండితనమా, దూరదృష్టియా అంటే 1924 వరకు ఎవరూ చెప్పగలిగేవారు కాదు.

సిమెంటుకు బదులు సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్కీతో కట్టారు. సుమారు పదివేల మంది కూలీలు పనిచేశారు. మలేరియా పీడించింది. గనులకు ఇచ్చిన గడువు కోసం రాత్రిళ్లు కూడా దీపాలు పెట్టి పని నడిపారు. కన్నంబాడితో పాటు ఎన్నో పల్లెలు మునిగిపోయాయి, అక్కడి వేణుగోపాలస్వామి గుడి కూడా నీటి పాలైంది. ఖాళీ చేసిన రైతుల పేర్లు ఏ శిలాఫలకం మీదా చూడము.

1912లో వారే మైసూరు దివాను అయ్యారు. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో వాటా విషయమై మహారాజా వారితో అభిప్రాయభేదం వచ్చి 1918లో రాజీనామా చేశారు. ఈ ఒక్క విషయంలో నా ఓటు మహారాజా వారికే. సొంత పనికి సొంత కొవ్వొత్తి, సర్కారు పనికి సర్కారు కొవ్వొత్తి వెలిగించేవారన్న కథ కూడా వారి మీద ఉంది. అలాంటి కథ ఇతర పెద్దల మీదా చెబుతారు గనుక దానిని నమ్మే భారం చదువరులకే వదిలేస్తున్నాను.

తర్వాత భద్రావతి ఇనుప కర్మాగారాన్ని నడిపించారు. తొంభై ఏళ్లు దాటాక కూడా 1952లో బీహారులో గంగ మీద వంతెనకు స్థలం నిర్ణయించడానికి వెళ్లారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో స్వర్గస్థులయ్యారు. సమాధి ముద్దేనహళ్లిలో ఉంది. మదనపల్లె నుంచి చింతామణి మీదుగా చిక్కబళ్లాపురం పోయేవారు చూసి రావచ్చును.

కన్నంబాడి ఆనకట్ట 1930ల ఆరంభంలో పూర్తయి, సుమారు 49 టి.ఎం.సి.ల నీటిని నిలుపుతూ కృష్ణరాజసాగర్ అనే పేరుతో నేటికీ పనిచేస్తున్నది. ఏ గనుల కోసం దానిని మొదలుపెట్టారో అవి 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తోడే పంపులు ఆగిపోయి సొరంగాలు నీటితో నిండాయి. 1974 నుంచి కావేరి నీటిని శివసముద్రం దాపున పట్టి, కరెంటు మోటార్లతో సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఎత్తున ఉన్న బెంగుళూరుకు తోడిపోస్తున్నారు. ఒకప్పుడు ఆ నీటితో కరెంటు తీసి మిట్టకు పంపారు, ఇప్పుడు కరెంటు పెట్టి ఆ నీటినే మిట్టకు ఎక్కిస్తున్నారు.